ఎర్ర పొడి, తెల్ల పొడి

ఫిబ్రవరి 4

ఈయన రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కొలెస్ట్రాల్ మూడు వందల పన్నెండు. కవరు చింపి చూసుకుని, మళ్ళీ మడిచి ఫ్రిజ్ మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు టీవీ ముందు కూర్చున్నారు. స్నానానికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. నేను చూశానని ఆయనకూ తెలుసు.

భోజనం దగ్గర తనే బయటపెట్టారు. ఏప్రిల్ చివర్లో కంపెనీ వాళ్ళు మళ్ళీ టెస్టు చేస్తారట. అప్పటికి తగ్గకపోతే క్రేన్ ఎక్కనివ్వరట. ఎత్తు బిల్డింగులు కట్టే చోట నిలబెట్టే టవర్ క్రేన్ ఈయనది. పొద్దున నిచ్చెన ఎక్కి పైనున్న అద్దాల క్యాబిన్‌లో కూర్చుంటే, మళ్ళీ సాయంత్రమే దిగడం. సైటులో అందరూ గద్ద అంటారు. గద్దను దింపి స్టోర్ రూములో కూర్చోబెడితే మేకులు ఏరుకోవాలి అని నవ్వారు. ఆ నవ్వు మొహానికి అతకలేదు.

నా భయం ఉద్యోగం గురించి కాదు. బావగారు, అంటే ఈయన అన్నయ్య, నలభై ఆరేళ్ళకు గుండె ఆగి పోయారు. ఈయనకు మేలో నలభై ఆరు వస్తాయి. ఈ మాట పైకి అంటే ఎక్కడ నిజమైపోతుందో అని ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 5

డాక్టరు రాసిన టాబ్లెట్లు రెండు నెలలకు సరిపడా తెచ్చాను. స్ట్రిప్పులన్నీ తీసి చెత్తబుట్టలో వేశారు. నా కళ్ళ ముందే.

అన్నయ్య రోజూ మింగాడు, పోయిన రోజు కూడా మింగాడు అన్నారు. ఆ మాత్రలతో పిక్కలు పట్టేసి మెట్లు కూడా ఎక్కలేకపోయేవాడట. తనకు నిచ్చెన ఎక్కడమే బతుకు, ఆ విషం మాత్రం ముట్టనన్నారు. బావగారు టాబ్లెట్‌తో పాటు రెండు పెట్టెల సిగరెట్లు కూడా కాల్చేవారు, ఆ సంగతి ఎత్తరేం అన్నాను. లేచి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

స్ట్రిప్పులు బుట్టలోంచి తీసి, తుడిచి, నా కుట్టుపని దారపు ఉండల డబ్బాలో పెట్టాను. ఆ డబ్బా ఆయన తెరవరు.

ఫిబ్రవరి 9

ఇంట్లో కొత్త వైద్యం మొదలైంది. ఒకటి కాదు, రెండు.

కింద నిలబడి వాకీటాకీలో ఈయనకు దారి చెప్పే సిగ్నల్‌మాన్ ఒకడున్నాడు. పగలంతా ఉపవాసం ఉండి సాయంత్రం మాత్రమే తిని పొట్ట కరిగించాడట. వాడే ఒక చైనా వైద్యుడి కొట్టు కూడా చూపించాడట. ఈయన రెండూ కలిపేశారు. ఉపవాసం సగం తగ్గిస్తుంది, మందు సగం తగ్గిస్తుంది అని లెక్క చెప్పారు. కాంక్రీటు కలిపినట్టే అనుకున్నారు.

కాగితం పొట్లాల్లో ఎండు పండ్ల ముక్కలు, బెరడు, వేళ్ళు. వాటిని మట్టికుండలో మరిగించి తాగాలి. విడిగా ఎర్ర పొడి. బియ్యాన్ని ఎర్రగా మారేదాకా పులియబెట్టి, ఎండబెట్టి, దంచిందట. కషాయం వాసనకు కర్టెన్లు కూడా కంపు కొడుతున్నాయి. ఈ గడ్డీ గాదానికి కొలెస్ట్రాల్ తగ్గితే పశువులకు గుండెజబ్బే రాదు అన్నాను. పశువులు ఉపవాసం ఉండవుగా అన్నారు. మాటకు మాట మాత్రం తయారుగా ఉంటుంది.

ఫిబ్రవరి 12

పొద్దున కషాయం, పగలు నీళ్ళు, సాయంత్రం ఒక గిన్నె సూప్, కషాయం, పొడి. అంతే. ఆ ఒంటితో రోజూ నిచ్చెన ఎక్కుతున్నారు. బతిమాలాను, తిట్టాను, సిగ్గు లేకుండా కాళ్ళు పట్టుకున్నాను. కాళ్ళు వెనక్కి లాక్కుని, నన్ను నమ్మవేం అన్నారు.

అక్కకు ఫోన్ చేశాను. బావగారి భార్య, నా తోటికోడలు. మీ మరిదికి నువ్వైనా చెప్పు, బావగారు మాత్రల వల్ల పోలేదని చెప్పు అన్నాను. అటు టీవీ చప్పుడు ఆగింది. తర్వాత చెప్పింది. బావగారు పోయాక దిండు గలీబు ఉతుకుదామని విప్పితే లోపల మాత్రలు రాలాయట, గుప్పెడు. తను చేతికిచ్చి నీళ్ళిచ్చి అటు తిరగగానే ఆయన దాచేసేవారట. ఎన్నాళ్ళనుంచో తెలీదట. నేనే నోట్లో వేసి ఉంటే ఉండేవాడే అని ఏడ్చింది. భర్త తనను నమ్మలేదన్న మాట ఎవరికీ తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. ముఖ్యంగా మరిదికి.

నేనే నోట్లో వేసి ఉంటే. ఆ మాట చెవిలోంచి పోవడం లేదు.

ఫిబ్రవరి 13

ఈరోజు సూప్‌లో కలిపాను.

ఫిబ్రవరి 14

రెండు చెంచాల మధ్య పెట్టి నొక్కితే మాత్ర పొడైపోతుంది. తెల్లగా, మెత్తగా, బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దలా. వేడి సూప్‌లో వేసి తిప్పితే కనబడదు.

చేదుగా ఉందేమో అని ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. ఆ కషాయం తాగిన నోటికి అన్నీ చేదేలే అన్నారు. ఆయన మందే నా మందును దాచిపెడుతోంది. నవ్వొచ్చింది. గిన్నె కడుగుతూ ఏడ్చాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈయనకు తెలియకుండా నేను చేసింది ఏదీ లేదు. ఆయన గురకపెడితే రికార్డు చేసి ఆయనకే వినిపించే రకాన్ని నేను.

కానీ బతికుంటే తర్వాత తిట్టుకోవచ్చు.

ఫిబ్రవరి 27

పొట్లాలు అయిపోయాయి. చైనా వైద్యుడి కొట్టుకు నన్నూ రమ్మన్నారు. చూస్తే నా నోరు మూతపడుతుందని కాబోలు.

గోడంతా చిన్న చిన్న సొరుగులు. వైద్యుడు ముసలాయన, సన్నగా, ఇస్త్రీ చేసిన చొక్కాలో ఉన్నాడు. అరిగిన కాలరు తిప్పి కుట్టించుకున్నాడు. మంచి కుట్టు. భాష అంతగా రాదు, కోడలు పక్కన నిలబడి చెబుతుంది. ఈయన మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నాలుక చూశాడు. ఖాళీ కడుపున తాగొద్దు, తిన్నాకే తాగాలని పోయినసారే చెప్పాం కదా అంది కోడలు. ఈయన బుద్ధిగా తలూపారు. పచ్చి అబద్ధం.

ముసలాయన ఇంకేదో అడిగాడు. కొలెస్ట్రాల్‌కు ఇంగ్లీషు మాత్రలేమైనా వాడుతున్నారా, ఇది రెండోసారి అడుగుతున్నారు మామగారు, ఖచ్చితంగా చెప్పండి అంది కోడలు. వాడితే ఎర్ర పొడి ఇవ్వరట. ఈయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఒక్కటి కూడా వేసుకోలేదన్నారు.

ఆయన చెప్పింది నిజం. ఆయనకు తెలిసినంతవరకు నిజం. నేను దొంగకు తేలు కుట్టినట్టు సొరుగులు చూస్తూ నిలబడ్డాను. నోరు తెరిస్తే అక్కడే అంతా అయిపోయేది. ఈ గడ్డి ఆగిపోతుంది, నా మాత్రా ఆగిపోతుంది, ఈయన నా చేతి మంచినీళ్ళు కూడా తాగరు. ఎవరి కొట్టు వాళ్ళది, వాళ్ళ మందును గొప్ప చేసుకోవడానికి అలాగే అడుగుతారు అని సర్దిచెప్పుకున్నాను.

కాళ్ళు నొప్పులు పుట్టినా, మూత్రం రంగు మారినా వెంటనే ఆపి రమ్మన్నాడు ముసలాయన. బయటికి వచ్చాక, చూశావా ఎంత పద్ధతిగా ఉన్నాడో అన్నారు ఈయన. ఊఁ అన్నాను.

మార్చి 15

నూట ఎనభై ఎనిమిది!

బయట ల్యాబులో చేయించుకున్నారు. రిపోర్టుకు ముద్దుపెట్టారు. తర్వాత నాకు పెట్టారు. రెండో స్థానం అన్నమాట. గడ్డీ గాదం అన్నావే, ఇప్పుడు చెప్పు అని వంటింట్లో నా వెనకే తిరిగారు. నేను ఒప్పుకున్నట్టు చేతులెత్తేశాను. లోపల నా గర్వం నాకుంది. ఎవరి మందు పనిచేసిందో నాకు తెలుసు అనుకున్నాను.

చెప్పేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహంలో అంత సంతోషం చూసి చాలా రోజులైంది. మింగేశాను.

మార్చి 17

ఇక ఆపుతారేమో అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంత తగ్గిందంటే ఇంకా గట్టిగా చేస్తే ఇంకా తగ్గుతుందట. కంపెనీ డాక్టరు కళ్ళు తిరగాలట. ఎర్ర పొడి రెండు చెంచాలైంది. ఇక రోజు విడిచి రోజే తిండి. తినని రోజు కషాయమే, ఫ్లాస్కులో పోసుకుని క్రేన్ మీదికి తీసుకెళ్తారు.

తినని రోజు సూప్ ఉండదు.

మాత్ర పొడి ఆ ఫ్లాస్కులో వేశాను.

మార్చి 29

షాపులో పని ఎక్కువగా ఉంది. డ్రై క్లీనింగ్‌కు వచ్చిన బట్టలకు ఆల్టరేషన్లు నావే. ఇంటికొచ్చి ఈయన ప్యాంట్లు మళ్ళీ విప్పి నడుము లోపలికి తీసుకున్నాను. ఈ నెలలో ఇది రెండోసారి. ఇక తీయడానికి గుడ్డ లేదు, వెనక జేబులు రెండూ కలిసిపోయేలా ఉన్నాయి.

తొడలు పీకుతున్నాయన్నారు. మెట్ల మీద రెయిలింగు పట్టుకుని ఎక్కారు. ఉపవాసం కదా, నీరసం అన్నారు. నేనూ నీరసమే అన్నాను.

బావగారి పిక్కలు గుర్తొచ్చాయి. మాత్ర ఆపేద్దామా అని సాయంత్రమంతా ఆలోచించాను. ఆపిన మర్నాడే ఏమైనా అయితే? అక్కలా దిండు గలీబు పట్టుకుని జీవితాంతం కూర్చోవాలా? ఆపలేకపోయాను.

ఏప్రిల్ 6

జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. నేను దువ్వాను. చిన్నపిల్లాడిలా తల వంచి నిలబడ్డారు.

మూత్రం టీ రంగులో వస్తోందట. ఒంట్లో విషమంతా బయటికి పోతోంది అని సంబరంగా చెప్పారు. వైద్యుడు చెప్పింది ఈయనకు గుర్తులేదు. నాకుంది.

అన్నీ ఆపేయండి, కషాయం వద్దు, ఉపవాసం వద్దు, పదండి డాక్టరు దగ్గరికి అని అరిచాను. టెస్టుకు దగ్గరపడ్డాక ఇప్పుడు ఆపమంటావేంటి, నువ్వు నా పక్షమా వాళ్ళ పక్షమా అన్నారు. కారణం చెప్పమన్నారు. చెప్పాల్సిన కారణం డబ్బాలో దారపు ఉండల కింద ఉంది.

ఈరోజు కలపలేదు.

ఏప్రిల్ 8, మధ్యాహ్నం మూడు

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది.

సిగ్నల్‌మాన్ షాపుకు ఫోన్ చేశాడు. ఈయన దిగివస్తానని వాకీటాకీలో చెప్పి, నిచ్చెన మధ్యలో ఆగిపోయారట. కాళ్ళు లేవలేదు, చేతులు పట్టు తప్పాయి. అదృష్టం, విశ్రాంతి తీసుకునే ఇనుప పలక మీద కూలబడ్డారు. ఫైర్ వాళ్ళొచ్చి నడుముకు పట్టీలు కట్టి, తాడుతో దింపారట. ఇన్నేళ్ళుగా సామాన్లు ఎత్తి దించిన మనిషిని సామానులా దించారు. సైటంతా పని ఆపి చూసిందట.

స్ట్రెచర్ మీద నన్ను చూసి, క్రేన్ హుక్కు పైకి లాగే పెట్టాను, ఎవరికీ ప్రమాదం లేదు అన్నారు. అదొక్కటే అన్నారు.

ఏప్రిల్ 9

కండరాలు కరిగిపోయి రక్తంలో కలుస్తున్నాయట. ఆ చెత్తంతా పోయి కిడ్నీలను మూసేసిందట. డయాలసిస్ పెట్టారు. మెడలో గొట్టం. పది పన్నెండు రోజుల్లో కిడ్నీలు తేరుకుంటే సరే, లేకపోతే ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. చిన్న వయసు, కళ్ళ కింద నిద్రలేని నలుపు.

ఏమేం వాడారో చెప్పమంది. ఎర్ర పొడి, పొట్లాలు, ఉపవాసం, అన్నీ చెప్పాను. పొట్లాలు తెచ్చి ఇచ్చాను. ఇంకేమైనా అమ్మా అని అడిగింది.

లేదన్నాను.

ఏప్రిల్ 10

లేదన్నాను.

ఏప్రిల్ 11

చైనా వైద్యుడు కోడల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరు చెప్పారో. సిగ్నల్‌మాన్ వరండాలోనే ఆయన మీద పడ్డాడు. మనిషిని చంపే మందిస్తావా, నీ కొట్టు మూయించకపోతే చూడు అని అరిచాడు. చూపించింది తనేనన్న బాధ కూడా వాడి గొంతులో ఉంది. కోడలు, మేం రెండుసార్లు అడిగాం, రెండుసార్లు లేదన్నారు అని మళ్ళీ మళ్ళీ అంది. ముసలాయన మాత్రం నా వైపు తిరిగి, తింటున్నాడా అని అడిగాడు. ఆ ఒక్క ముక్కే ఆయనకు మన భాషలో వచ్చినట్టుంది. భూమి చీలితే బాగుండుననిపించింది.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. ఆ పొడి ఒక్కదానికే ఇంత జరగడం నమ్మశక్యంగా లేదట. మాత్రలు వేసుకోలేదంటున్నారు కాబట్టి పుట్టుకతో వచ్చే కండరాల జబ్బు ఏదైనా ఉందేమో చూడాలట. రేపు తొడ కోసి కండ ముక్క తీసి పరీక్షకు పంపుతారట. ఆ నీరసం మీద కొయ్యడం మంచిది కాదు, కానీ తప్పదంది.

ఈయనకు చెప్పారు. గొట్టాల మధ్య నుంచి నా చెయ్యి పట్టుకుని, చూశావా, మా రక్తంలోనే ఉంది, అన్నయ్యకు వచ్చిందే నాకూ వచ్చింది, ఇక నేను బతకను అన్నారు. ఈయన కళ్ళలో నీళ్ళు నేను ఇదే చూడడం.

ఏప్రిల్ 12, ఉదయం ఏడు

డాక్టరమ్మ డ్యూటీకి రాగానే స్ట్రిప్పులు ఆమె చేతిలో పెట్టాను. ఖాళీవి, సగం ఖాళీవి. మొత్తం చెప్పాను. చెంచాలు, సూప్, ఫ్లాస్కు.

తిడుతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఎర్ర పొడిలో పులిసేటప్పుడే పుట్టేది, ఈ మాత్రలో ఉండేది ఒక జాతి మందేనట. పొడి గట్టిదైతే అదే ఒక మాత్ర కింద లెక్క. దాని మీద నా మాత్ర. దాని మీద తిండీ నీళ్ళూ సరిగ్గా లేని ఒళ్ళు. ఒక్కొక్కటీ విడిగా అయితే తట్టుకునేవారేమో అంది.

మరి మార్చిలో తగ్గింది ఎవరి మందుకు అని అడిగాను. అప్పుడు కూడా అదే అడిగాను, ఎంత సిగ్గులేనిదాన్నో. చెప్పలేం అంది. బహుశా ఆయన మందు ఒక్కటే సరిపోయేది అంది.

అది గడ్డి అనుకున్నాను. మందు అనుకోలేదు. మందు అనుకుని ఉంటే భయపడేదాన్ని.

తొడ కొయ్యడం ఆపేశారు.

అదే రోజు, సాయంత్రం

ఈయనకు నేనే చెబుతానన్నాను. చెప్పాను. దిండు గలీబు సంగతి కూడా చెప్పాను. అక్కకు వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టాను. అది ఫిబ్రవరిలోనే చెప్పి ఉంటే, మీ అన్నయ్య మాత్రలు మింగి పోలేదండీ, మింగక పోయారు అని ఒక్క మాట అని ఉంటే, ఈయన ఆలోచించేవారేమో. ఆ మాట అనడం కన్నా పొడి చేసి కలపడమే నాకు తేలికనిపించింది.

అంతా విని ఒకటే అడిగారు. తినని రోజు ఎందులో కలిపావు అన్నారు. ఫ్లాస్కులో అన్నాను. పైకి తీసుకెళ్ళే ఫ్లాస్కులోనా అన్నారు. అవునన్నాను. గోడ వైపు తిరగబోయారు. మెడలో గొట్టం వల్ల కుదరలేదు. కళ్ళు మూసుకున్నారు.

ఏప్రిల్ 13

చైనా కొట్టుకు వెళ్ళాను. సిగ్నల్‌మాన్‌ను కూడా లాక్కెళ్ళాను. తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. కోడలు ఏడ్చింది, నన్ను ఒక మాట అంది కూడా. పడ్డాను. ముసలాయన సొరుగులు సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఏప్రిల్ 15

అక్క ఫోన్. నేను చేసింది, ఒట్టు తప్పింది అంతా చెప్పాను, తిడుతుందనుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందే తల్లీ అంది. తర్వాత, నేను నీలా చెయ్యనందుకు ఏడుస్తున్నాను, నువ్వు చేసినందుకు ఏడుస్తున్నావు, వీళ్ళను ఎలా బతికించుకోవాలే అంది. ఇద్దరం ఫోన్లో చాలాసేపు ఏడ్చాం.

ఏప్రిల్ 19

మూత్రం వచ్చింది! సీసాలో తెల్లగా, నీళ్ళలా. నర్సు తెచ్చి చూపిస్తే ముద్దుపెట్టుకోవాలనిపించింది. కిడ్నీలు తేరుకుంటున్నాయి. గొట్టం తీసేస్తారట. ఇక భయం లేదంది డాక్టరమ్మ. బయటికొచ్చి గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయాను.

ఈయన నర్సుతో మాట్లాడతారు. సిగ్నల్‌మాన్‌తో మాట్లాడతారు. పక్క మంచం ఆయనతో క్రేన్ల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. ఆసుపత్రి ట్రేలో వచ్చింది తింటారు. నేను ఇంటి నుంచి తెచ్చింది మూత కూడా తీయలేదు.

ఏప్రిల్ 23

రేపు ఇంటికి పంపిస్తారు. నీళ్ళు బాగా తాగించాలి, గంట గంటకూ తాగించాలి, అది మీ బాధ్యతే అమ్మా అని డాక్టరమ్మ నాకే చెప్పింది. ఈయన కిటికీలోంచి చూస్తున్నారు.

ఏప్రిల్ 24

ఇంటికొచ్చాం. గ్లాసుతో నీళ్ళిచ్చాను. అందుకున్నారు. వెలుతురుకు ఎత్తి చూశారు. నాకే తిరిగిచ్చి, ముందు నువ్వు తాగు అన్నారు. కోపంగా అనలేదు. నవ్వుతూ కూడా అనలేదు.

సగం తాగాను. మిగతా సగం ఆయన తాగారు.

గంట తర్వాత మళ్ళీ దాహమన్నారు. ఈసారి అడక్కముందే తాగి ఇచ్చాను.